గట్టు మీద మొలిచిన పెసలు

గోదారి నడుమ నేరేడు లంక అని ఒకటుంది. చుట్టూ నీళ్లు, మధ్యలో ఒండ్రు మట్టి. ఆ మట్టిలో ఏం విసిరినా మొలుస్తుంది కాబట్టి అక్కడి జంతువులకి తిండికి లోటు లేదు. ఉన్న దిగులల్లా ఒక్కటే. ఆషాఢంలో వరద ముంచుకొచ్చి ఎర్రనీరు దిగిందంటే తెల్లారేసరికి లంక ఉంటుందో, కొట్టుకుపోతుందో ఆ గంగమ్మ తల్లికే తెలియాలి. అందుకని లంక చుట్టూ తాతల నాడే ఒక మట్టిగట్టు వేసుకున్నారు.

గట్టు వేసుకుంటే సరా? ఏటా ఎర్రనీటికి ముందు దానిమీద కొత్త మట్టి పొయ్యాలి. ఆ మోతపనికి అవతలి ఒడ్డు నుంచి గాడిదలొచ్చేవి. గాడిద సంగతి మీకు తెలియనిదేముంది, కడుపు నిండితే కొండనైనా మోస్తుంది, నిండకపోతే కొరడా విరిగినా కదలదు. వాటి మేత కోసం లంకలో ఒక కట్టుబాటుంది. ఎవరికి పది బుట్టల గింజలు పండినా అందులో ఒక బుట్ట ఉమ్మడి గాదెలో పొయ్యాలి. దాన్ని గట్టు పన్ను అనేవారు.

అనేవారే గాని, ఇచ్చేవారేరీ!

ఆ ఏడు ఈ పన్ను వసూలు చేసే పని సూరప్ప మెడకి పడింది. సూరప్ప అంటే ఎద్దు. ఒకరి జోలికి పోడు, ఒకరి మాట పడడు. అతనికి ముందు ఆ పని పోతురాజు అనే అడవిపంది చేసేవాడు. పోతురాజు వసూలంటే వసూలు కాదు బాబూ, దండయాత్ర! చెప్పాపెట్టకుండా వచ్చి, కోరతో తడిక ఎత్తి, కుండలు దొర్లించి, దొరికింది దొరికినట్టు పట్టుకుపోయేవాడు. ఇచ్చినవాడి ఇల్లూ అంతే, ఇవ్వనివాడి ఇల్లూ అంతే. దాంతో లంకవాళ్లు పన్ను కట్టడం నేర్చుకోలేదు గాని, గింజలు దాచడం మాత్రం బ్రహ్మాండంగా నేర్చుకున్నారు.

నిరుడు గాదె సగం కూడా నిండలేదు. గాడిదలు అరకడుపుతో నాలుగు బుట్టల మట్టి పోసి పోయాయి. రేవు మలుపులో గండి పడింది. ఆ గండిలోనే సూరప్ప జోడుగిత్త పెంటయ్య కొట్టుకుపోయాడు. ఒకే కాడి కింద పెరిగిన ఇద్దరూ. ఇప్పటికీ నడిచేటప్పుడు సూరప్ప కాస్త కుడికి జరిగి ఎడమపక్క వాడికి చోటు వదులుతాడు. జరిగాక గుర్తొస్తుంది.

అందుకే లంకకి పెద్దయిన ముసలి తాబేలు గవర్రాజు తాత పిలిచి, "ఒరే సూరప్పా, ఈ ఏడు నువ్వడగరా పన్ను," అన్నప్పుడు కాదనలేకపోయాడు.

"అడిగితే ఇస్తారా తాతా?"

"పోతురాజు లాక్కుంటే ఇవ్వలేదుగా. నువ్వడిగి చూడు. మళ్లీ గండి పడితే మాత్రం మిగిలేది నేనొక్కణ్ణే. నాకు ఈతొచ్చు," అన్నాడు తాత.

సూరప్ప వీపు మీద ఎప్పుడూ నూకాలు అనే గోరింక కూర్చుని ఉంటుంది. పిడుదులు ఏరుకు తింటుంది, లోకంలోని కబుర్లన్నీ అతని చెవిలో పోస్తుంది. సంగతి వినగానే రెక్కలు టపటపలాడించింది. "అన్నా, నాకొదిలెయ్యి! పాట కట్టి పాడతాను. విన్నవాడు బుట్టతో పరిగెత్తుకు రాకపోతే నా పేరు నూకాలే కాదు!"

పాడింది. గాదె ముందు అందరినీ పోగేసి, పన్ను కట్టినవాడు పుణ్యాత్ముడని, కట్టనివాడికి పుట్టగతులుండవని కమ్మగా పాడింది. చినతల్లి అనే కుందేలైతే ముంగాళ్లతో కళ్లొత్తుకుంది. "ఎంత బాగా చెప్పావమ్మా నూకాలూ!" అంది. వెనక వరసలో కూర్చున్న చిట్టబ్బాయి నక్క అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. పాటయ్యాక అంతా లేచి, ఒళ్లు దులుపుకుని, ఎవరిళ్లకి వాళ్లు పోయారు. గాదెలో ఒక్క గింజ పడలేదు.

"మరి నీ పేరేంటిప్పుడు?" అన్నాడు సూరప్ప.

నూకాలు అటు తిరిగి రెక్క ముక్కుతో దువ్వుకుంది.

పాటలతో పని కాదని సూరప్ప ఇల్లిల్లూ తిరిగాడు. చినతల్లి గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంది. "ఏముందండీ సూరప్పగారూ, ఈ ఏడు పంట తాలు పోయిందండి. ఉన్నది పిల్లలకే చాలట్లేదు. అయినా మేమిచ్చేదంతా పోతురాజుగారి పొట్టలోకేనటగా?"

"ఎవరన్నారు?"

"అందరూ అనుకుంటున్నారండి."

దారిలో చిట్టబ్బాయి ఎదురొచ్చి జాలి పడ్డాడు. "ఎందుకు మావా కాళ్లరిగేలా తిరుగుతావు? లేనివాళ్లు ఎక్కణ్ణించి తెస్తారు? గట్టు గంగమ్మ దయ. ఆవిడ మింగాలనుకుంటే మనం పోసే మట్టి ఏ మూలకి?" నక్క మాట నున్నగా ఉంటుంది, వింటున్నంతసేపూ నిజమే కదా అనిపిస్తుంది.

ఈలోగా గాడిదల పెద్ద నుంచి కబురొచ్చింది. "ఆయ్, నిరుడు మీ లంకకొచ్చి డొక్కలెండిపోయాయండి. గాదె నిండితే కబురెట్టండి, వత్తాం. లేకపోతే లేదండి."

మృగశిర కార్తెలో రెండు జల్లులు పడ్డాయి. ఎర్రనీరు ఇంకెంతో దూరం లేదు. సూరప్పకి మేత సహించడం మానేసింది. ఒక పొద్దున్న గట్టు మీద నడుస్తూ, రేవు మలుపు దగ్గర వాలులో పచ్చగా ఏదో కనబడితే నోరు పెట్టబోయి ఆగాడు.

పెసర మొక్కలు. రెండేసి ఆకులు వేసి, ఒక దాని మీద ఒకటి పడి ఒత్తుగా లేచి ఉన్నాయి.

"ఇదేం విడ్డూరమే నూకాలూ! గట్టు మీద పెసలు చల్లిందెవరు?"

"పిట్టలు రాల్చి ఉంటాయి."

"పిట్ట రాలిస్తే అక్కడొకటి ఇక్కడొకటి మొలుస్తుంది. పుట్టెడు పెసలు ఒక్కచోట కుమ్మరిస్తే గాని ఇలా గుత్తిగా లేవవు." సూరప్ప ముందుకాలు మోపి చూశాడు. గిట్ట సర్రున దిగబడింది. లోపలంతా డొల్ల. నిరుడు గండి పడింది సరిగ్గా ఇక్కడే.

నూకాలు గొంతు తగ్గించింది. "అన్నా, కోతల రోజుల్లో సందెవేళ చిట్టబ్బాయి ముందూ, కుందేళ్లు బుట్టలెత్తుకుని వెనకా ఇటు రావడం చూశాను. తీర్థానికేమో అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బుట్టల్లేవు."

అప్పుడర్థమైంది సూరప్పకి. నక్క గట్టులో బొరియ తవ్వి, పన్ను తప్పించుకోవాలనుకున్నవాళ్ల గింజలన్నీ అందులో దాస్తున్నాడు. గట్టుకి పెట్టాల్సిన గింజే గట్టుకి గొయ్యి తవ్వింది! జల్లులకి లోపలికి చెమ్మ దిగి గింజ మొలకెత్తింది. కొమ్ములు దింపి వెంటనే పోయి ఆ నక్కని కుమ్మెయ్యాలనిపించింది. పెంటయ్య కళ్లముందు కదిలాడు. కాసేపు అలాగే బుసలు కొడుతూ నిలబడి, పోతురాజు దగ్గరికి వెళ్లాడు.

పోతురాజు విని గుర్రుమన్నాడు. "చూపించు! కోర పెట్టి మొత్తం పెకలించేస్తాను."

"పెకలిస్తే గట్టు పోతుంది అన్నా. కుందేళ్లు భయపడి నోరు మూసుకుంటాయి. పై ఏడు ఇంకోచోట బొరియ పడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నువ్వొచ్చి నా పక్కన నిలబడు. నేను చెప్పేదాకా కోర కదపకు."

"ఊరికే నిలబడితే ఏం భయపడతారు?"

"నీ మొహం నువ్వెప్పుడూ చూసుకోలేదు కాబట్టి అలా అంటున్నావు," అంది నూకాలు.

మర్నాడు పొద్దున్నే లంకంతా గాదె ముందు పోగైంది. ముందుగా సూరప్ప గాదె తలుపు తీయించి అందరినీ లోపలికి తొంగిచూడమన్నాడు. అడుగున ఒక మూల పిడికెడు గింజలున్నాయి. "నిరుడు మీరిచ్చినదంతా గాడిదలే తిన్నాయి. పోతురాజు మేత అతను సొంతంగా తవ్వుకున్నదే. నమ్మకపోతే గవర్రాజు తాతనడగండి," అన్నాడు. తాత తలూపాడు. తర్వాత అందరినీ నిరుటి గండి చోటికి నడిపించి, నీళ్లు ఎవరి గుమ్మం దాకా వచ్చాయో ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకడు మోకాలి దాకా అన్నాడు, ఒకడు మెడ దాకా అన్నాడు. చినతల్లి తన కొంప కప్పు మీదుగా పోయాయని చెప్పి తల దించుకుంది. అందరికీ తెలిసిన సంగతే అది, కాని అంతమంది ఒక్కచోట నిలబడి పైకి అనుకోవడం అదే మొదటిసారి.

అప్పుడు సూరప్ప పచ్చటి మొక్కల దగ్గరికొచ్చాడు.

"ఇదిగో, మన గట్టు మీద పంట పండింది. దున్నినవాడు లేడు, విత్తినవాడు లేడు. కింద గింజల పాతర ఉన్నట్టుంది. గట్టు తవ్వినవాడికి లంకలో చోటు లేదని మన కట్టుబాటు. అయినా ఒక మాట చెబుతున్నాను. ఇది నాదే అని ఇప్పుడు నిజం చెప్పినవాళ్లకి తప్పు మాఫీ. పన్ను పదింటికి ఒకటి ఇచ్చి మిగతాది పట్టుకుపోవచ్చు. ఎవరూ చెప్పకపోతే మొత్తం గాదెకే."

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కుందేళ్లన్నీ ఒకరి మొహాలొకరు చూసుకున్నాయి. చిట్టబ్బాయి బుర్ర గిర్రున తిరిగింది. నాదంటే గట్టు తవ్విన దొంగనని అందరిముందూ ఒప్పుకోవాలి. ఎవరిదీ కాదంటే, చీకటి పడ్డాక వచ్చి ఖాళీ చేసుకోవచ్చు. తెలివైనవాడికి అదే తెగులు, అవతలివాడికీ ఒక బుర్ర ఉంటుందని తోచదు.

"ఇంకెవరిదవుతుంది మావా!" అంటూ ముందుకొచ్చాడు. "గంగమ్మ తల్లి ప్రసాదం! నిస్సంకోచంగా గాదెలో పోయించు."

"నీది కాదు కదా?"

"ఛ ఛ!"

"సరిగ్గా చెప్పరా అబ్బాయ్. తర్వాత మాట మారిస్తే బాగోదు."

"గోదారి మీద ఒట్టు మావా, నాకేం సంబంధం లేదు."

"మంచిది. అయితే ఇప్పుడే తీసేద్దాం," అన్నాడు సూరప్ప.

నక్క తోక జారిపోయింది. "ఇప్పుడా? మంచి రోజు చూసి..."

"ప్రసాదానికి మంచి రోజేంట్రా!" అన్నాడు పోతురాజు. అతను చేసింది అంతే, అక్కడే నిలబడి ఆ ఒక్క మాటన్నాడు.

గట్టు కుంగకుండా పైపైన మట్టి తియ్యమని కుందేళ్లకే చెప్పాడు సూరప్ప. రెండు దోసిళ్లు తీశారో లేదో తాటాకు బుట్ట ఒకటి బయటపడింది. అంచు చుట్టూ ఎర్ర తుంగతో అల్లిక. అంతే, చినతల్లి గుండెలు బాదుకుంది. "అయ్యో అయ్యో, నా బుట్టండీ! నా పెసలన్నీ మొలకలెత్తి కుళ్లిపోయాయండీ!"

"నోరు ముయ్యి!" అన్నాడు చిట్టబ్బాయి పళ్లబిగువున.

"ఎందుకు ముయ్యాలి? భద్రంగా ఉంటాయన్నావు! చెమ్మ తగలదన్నావు! ఇంత తీసుకుని!"

సూరప్ప మెల్లిగా అడిగాడు. "ఏం తీసుకున్నాడమ్మా చినతల్లీ? మాఫీ అన్నానుగా, భయం లేదు చెప్పు."

"దాచేటప్పుడు చోటు కూలి ఒక బుట్టండి."

"ఊ. మళ్లీ తీసేటప్పుడో?"

"తవ్వుడు కూలి ఇంకో బుట్టండి."

"ఎన్ని బుట్టలకి?"

"పదింటికండి."

"మరి గట్టు పన్నెంత?"

చినతల్లి నోరు తెరిచింది. "ఒక..." అని ఆగిపోయింది. చెవులు రెండూ వాలిపోయాయి. ఒకటి ఇవ్వాల్సి వస్తుందని రెండుకి ఒప్పుకుని దాచుకుంది పిచ్చిమొహం! అదీ ఒక్కసారిగా ఇవ్వాల్సొచ్చి ఉంటే తెలిసేది. మొదట ఒకటి, తర్వాత ఒకటి కావడంతో రెండూ కలిపి చూసుకోవాలని లంకలో ఒక్కరికీ తట్టలేదు. ముందు గవర్రాజు తాత నవ్వాడు. తర్వాత ఒక ముసలి కుందేలు తన నెత్తిన తనే మొట్టుకుని నవ్వింది. కాసేపటికి అంతా నవ్వుతున్నారు, ఒక్క చిట్టబ్బాయి తప్ప.

"ఆ కూలి గింజలన్నీ ఏం చేశావురా?" అని పోతురాజు అడిగాడు.

"బాతులకిచ్చి గుడ్లు తెచ్చుకున్నాడు. రోజూ చూస్తున్నాగా, మీసాలకి సొన!" అంది నూకాలు.

కుందేళ్లు చుట్టుముట్టాయి. "మా గింజలు మాకియ్యి!" అని ఒకరు, "మా కూలి మాకియ్యి!" అని ఒకరు. నక్కకి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. పాతర తనదంటే గట్టు తవ్విన తప్పు, తనది కాదంటే చేతికి చిక్కిన పెసలు గాదెపాలు. అదీ తన నోటితోనే గాదెలో పోయించమన్నాడాయె.

సూరప్ప గిట్ట నేలకేసి కొట్టాడు. గోల అణిగింది. "చిట్టబ్బాయ్, నువ్వు తవ్విన బొరియలోంచి ఈసారి నీళ్లొచ్చి ఉంటే ఎంతమంది పోయేవారో తెలుసా? నిరుడు నా పెంటయ్య పోయాడు. వాడేం పాపం చేశాడురా?" అన్నాడు.

చిట్టబ్బాయి తోక కాళ్ల మధ్య ముడుచుకుని వెనక్కి జరిగాడు.

"వెళ్లగొట్టెయ్యండి!" అని అరిచారు నలుగురు.

"వెళ్లగొడితే అవతలి ఒడ్డున ఇంకోళ్ల గట్టు తవ్వుతాడు," అన్నాడు సూరప్ప. "వీడు దాచిన పెసలు మంచివేవో చెడ్డవేవో ఏరండి. నిజం చెప్పినవాళ్లు పదింటికి ఒకటి గాదెలో పోసి తమవి తీసుకోండి. కుళ్లిపోయినదానికి పై పంటలోంచి వీడే కడతాడు. బొరియ వీడే పూడుస్తాడు. గాడిదలు పని చేసినన్నాళ్లూ వాటితో పాటు మట్టి మోస్తాడు."

"నేను నక్కని మావా, మోతపని నా ఒంటికి పడదు," అన్నాడు చిట్టబ్బాయి.

"పడుతుందిలే," అన్నాడు పోతురాజు.

పడింది కూడా. ఆ మధ్యాహ్నం నుంచి గాదె ముందు బుట్టల వరస కట్టింది. ఇంట్లో దాచుకున్నవాళ్లు కూడా బయటికి తెచ్చారు. నూకాలు పుణ్యం పాట మానేసింది. పొద్దున్నే లంక చుట్టూ ఎగిరి, "గాదె నడుముల దాకా నిండింది! గాడిదలు రేవు దాటాయి! మలుపులో గట్టు మూరెడు లేచింది, చినతల్లి గుమ్మానికి ఇంక భయం లేదు!" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేది. తమ గింజ ఎక్కడికి పోయిందో తెలిసేసరికి, ఇచ్చినవాళ్లు సందెవేళ గట్టు దాకా వెళ్లి చూసుకుని మురిసిపోయేవారు. ఎవడైనా ఇవ్వకపోతే సూరప్ప ముందు వెళ్లి ఒకసారి చెప్పేవాడు. మర్నాటికీ రాకపోతే పోతురాజు వెళ్లి గుమ్మం బయట నిలబడేవాడు. కుండ దొర్లించడం లేదు, తడిక ఎత్తడం లేదు. కట్టినవాడి గుమ్మం వైపు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు.

ఆషాఢంలో ఎర్రనీరు రానే వచ్చింది. సుళ్లు తిరుగుతూ, చెట్లు మోసుకుంటూ, గట్టు అంచుకి జానెడు కిందదాకా వచ్చి నిలబడింది. లంకంతా గట్టు మీదే కాపు కాసింది. పూడ్చిన బొరియ దగ్గర చిట్టబ్బాయిని కూర్చోబెట్టాడు సూరప్ప. కళ్లముందు అంత గోదారి ఉరుకుతుంటే నక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. "తడి పట్టిందర్రోయ్, మట్టి తెండి! ఇంకో బుట్ట తెండి!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. నీళ్లు రెండు రోజులు నిలబడి, మూడో రోజు తీశాయి. గట్టు చెక్కుచెదరలేదు.

మళ్లీ ఏడు కోతలవగానే గాదె ముందు మొట్టమొదట వచ్చి నిలబడ్డవాడు చిట్టబ్బాయి. బుట్ట దించి, మర్యాదగా పక్కకి జరిగాడు. సూరప్ప కొమ్ము బుట్టలోకి దించి అడుగుదాకా కెలికాడు.

"ఏం మావా, ఇంకా నామీద నమ్మకం కుదరలేదా?"

"కుదిరింది. అయినా చూస్తాను. అందరివీ చూస్తాను. నా బుట్ట ఇందాక నూకాలు చూసింది."

పైనా పెసలే, అడుగునా పెసలే. తాలు లేదు, ఇసక లేదు. సూరప్పకే ఆశ్చర్యమేసింది. "భేష్‌రా అబ్బాయ్! అడుగుదాకా మేలు గింజే పోశావే!"

నక్క బుర్ర గోక్కున్నాడు. "నిజం చెప్పమంటావా మావా? పై సగం ఆ ఎర్రనీరు కళ్లారా చూశాను కాబట్టి పోశాను. అడుగు సగం, నువ్వు కొమ్ము పెట్టి కెలుకుతావని తెలిసి పోశాను."

నీతి: పన్ను ఎందుకో విడమరిచి చెప్పాలి, కట్టారో లేదో కళ్లు పెట్టి చూడాలి, ఒకటి చేసి రెండోది మానేస్తే ఏ గట్టూ నిలవదు.